నెల్లూరు తీరమునకు తగిన బాట

ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర పర్యాటక శాఖామాత్యులవారి సముఖమునకు,

మహాశయా,

మీకు వ్రాయుచున్న యీ లేఖను నలుగురును చదువునట్లు ప్రకటించుటకు కారణము, ఇందలి విషయము ఒక శాఖతోడనో ఒక ప్రభుత్వకాలముతోడనో తీరునది కాకపోవుటయే. నెల్లూరు తీరమున బ్రతుకు పాలెములకును, ఆ తీరమును కన్నులార చూడగోరి వచ్చు బాటసారులకును దీనితో సంబంధము కలదు. ఈ యిసుకమీద, ఈ కాలువగట్లమీద, ఈ నదీముఖములయందు ఒకసారి తప్పుగా పఱచిన కంకర మరల తీయరానిది గనుక, ముందు పుట్టబోవువారికిని సంబంధము కలదు.

నేడు మా జిల్లాలో ఏ వీథిలో అడిగినను విదేశమున స్థిరపడిన బిడ్డలుగల యిల్లు ఒకటైనను కనబడును. ఆస్ట్రేలియా దేశమున 2021 నాటి జనాభా లెక్కలయందు ఇంటిలో తెలుగు మాటలాడుదుమని వ్రాయించినవారే 60 వేలకు చేరువగా నుండిరి. వారిని చూడబోయి మరలివచ్చిన తల్లిదండ్రులు చెప్పు కబుర్లలో, మనుమల ముద్దుమాటలు ముగిసిన పిమ్మట తప్పక వచ్చునది, మెల్బోర్ను నగరమునకు నైరుతి దిక్కున టోర్కీ మొదలుకొని అలన్స్‌ఫోర్డు వఱకు 243 కిలోమీటర్ల పొడవున సముద్రపుటంచున సాగు గ్రేట్ ఓషన్ రోడ్డు ప్రసంగము. మా బంధువుల యిండ్లలో ఆ ప్రయాణమునకు జరుగు సన్నాహమును నేను శ్రద్ధగా విని తెలిసికొంటిని. ఒక్కనాటిలో పోయి రావచ్చును గాని, ఎఱిగినవారు త్రోవలో రెండు రాత్రులైనను నిలుతురట. ఒక రాత్రి లోర్నులోనో అపోలో బేలోనో, మఱునాటి రాత్రి పోర్ట్ క్యాంప్‌బెల్‌లో. మనకువలెనే అచ్చటను బండి ఎడమప్రక్కన నడుపుట విధి గనుక, తూర్పునుండి పడమరకు పోవువారికి సముద్రము తమ ప్రక్కనే యుండును; కావున ప్రయాణము టోర్కీనుండి ఆరంభించుట మేలు. జూన్, జూలై మాసములు అచ్చటి శీతకాలము. సాయంకాలము ఐదు గంటలు దాటగానే ప్రొద్దు క్రుంకును, క్రుంకినవెంట కంగారూలు దారిమీదికి వచ్చును గనుక, వెలుగుండగనే బస చేరవలెను. ఆ చలికాలముననే వార్నంబూల్ దగ్గఱ తిమింగలములు ఒడ్డునకు చేరువగా వచ్చును గనుక, చలికోర్చి పోవువారికి ఆ భాగ్యము కలుగును. మలుపుల దారిలో నెమ్మదిగా పోవువారు ప్రక్కకు తొలగి వెనుకవారికి త్రోవ యిచ్చుటకు అచ్చటచ్చట తావులు విడిచినారు. 1848లో వెలిగించిన కేప్ ఆట్వే దీపస్తంభమును చూచుటకు ఇంత సమయము, ట్వెల్వ్ అపోజల్స్ అను సున్నపురాతి స్తంభములయొద్ద ప్రొద్దు క్రుంకువేళకు నిలుచుటకు ఇంత సమయము అని ఇంట కూర్చుండియే నిర్ణయించుకొనవచ్చును. ఆ స్తంభములలో ఒకటి 2005 జూలైలో కూలి సముద్రమున కలిసినదనియు, దాపుననే లండన్ బ్రిడ్జి యను రాతికమాను 1990లో విఱుగగా అవతల చిక్కుపడిన యిద్దఱిని హెలికాప్టరులో తీసికొనివచ్చిరనియు, పోయి వచ్చిన మా పెద్దలు వినోదకథవలె చెప్పుదురు.

అదే కుటుంబము సంక్రాంతికి ఊరికి వచ్చినపుడు, కావలినుండి కృష్ణపట్నము వఱకు మన సముద్రము వెంట రెండు దినములు తిరిగి రావలెనని సంకల్పించినచో, ఎవరిని అడిగినను మైపాడు పోయి రండి యను మాటయే కాని రెండవమాట వినరాదు. ఏ పాలెమున ఏమి చూడదగినదో, ఏ దారి ఎచ్చట తెగిపోవునో, స్త్రీలకు మఱుగైన తావు ఎచ్చట నున్నదో, రాత్రి ఎచ్చట తలదాచుకొనవలెనో తెలిపెడి ఒక పటముగాని, ఒక పలకగాని లేవు. తాతముత్తాతల తీరమునకు పరాయివారై, వేలకొలది మైళ్ళ దూరమున నున్న తీరమును అంగుళమంగుళముగా నెఱిగిన బిడ్డలను చూచినపుడు నాకు కలిగిన వేదనయే ఈ లేఖకు మూలము.

ఐనను, అట్టి రోడ్డునే మాకును వేయింపుడని నేను ప్రార్థించుచున్నానని భావింపకుడు. ఆ రోడ్డు ఎట్లు పుట్టినదో తెలిసికొన్నపుడు, దానిని అనుకరించుటకంటె దానినుండి నేర్చుకొనుట మేలని నాకు తోచినది. మొదటి ప్రపంచ యుద్ధమునుండి తిరిగివచ్చిన సైనికులు సుమారు 3,000 మంది, 1919 మొదలు 1932 వఱకు, గునపములతోను పారలతోను మందుగుండుతోను ఆ కొండయంచును తొలిచి, తమతో మరలిరాని సహచరులకు స్మారకముగా ఆ దారిని నిర్మించిరి. ఆ ప్రయత్నమునకు పూనుకొని చందాలు కూర్చి ట్రస్టును నడిపిన జీలాంగ్ నగరపు మేయరు హోవర్డ్ హిచ్‌కాక్, 1932 నవంబరులో రోడ్డు సంపూర్ణముగా తెఱవబడుటకు కొలది మాసములు ముందుగా మరణించెను. ప్రారంభోత్సవము నాడు గవర్నరు కారు వెనుక ఆయన కారును నడిపించి ఆయనను గౌరవించిరి. వ్యయమునకై మొదట సుంకము వసూలు చేసిరి గాని, 1936లో రోడ్డును రాష్ట్రప్రభుత్వమునకు ఒప్పగించుటతో ఆ సుంకమును ఎత్తివేసిరి. ఇంత చరిత్రలో నా మనస్సును మిక్కిలిగా ఆకర్షించినది మాత్రము రోడ్డు పూర్తియైన 88 ఏండ్లకు, అనగా 2020లో, విక్టోరియా శాసనసభ చేసిన చట్టము. సందర్శకుల తాకిడి పెరిగి, అనేక సంస్థలు తలకొక ముక్క పాలించుచు తీరము చెడుచుండుట గమనించి, ఆ రోడ్డును దాని పరిసరములను కలిపి సజీవమైన ఏకైక ప్రకృతిస్వరూపముగా ఆ చట్టము గుర్తించినది; రోడ్డునకు వేల యేండ్ల ముందునుండియు ఆ నేల తమదైన ఈస్టర్న్ మార్, వాదవురంగ్ అను ఆదివాసి జనులను పేరు పెట్టి పేర్కొన్నది; పాలనకు ఒక్క సంస్థను ఏర్పఱచుటకు త్రోవ చేసినది. వారు ఎనుబదియెనిమిది యేండ్లకు చేరిన యీ తలపునుండియే మనము మొదలుపెట్టగలము. మొదట చట్టము, పిదప బాట యనునదియే నా ప్రథమ విన్నపము.

ఇక మన తీరమును గూర్చి. కత్తిపూడి మొదలుకొని కాకినాడ, మచిలీపట్నము, బాపట్ల, చీరాలల మీదుగా కోస్తా వెంట దిగివచ్చు 216వ జాతీయ రహదారి ఒంగోలుతో ఆగిపోవుచున్నది. అచ్చటినుండి తడ వఱకు 16వ జాతీయ రహదారిమీద చెన్నపట్నము పోవు యాత్రికునకు, తూర్పున కొలది మైళ్ళలో సముద్రమున్నదన్న సంగతియే తెలియదు. ఆ కొలది మైళ్ళ నడుమ నున్న నేల ఎట్టిదో తెలిసినవారికి దానిపై మమకారము కలుగక మానదు. రహదారినుండి తూర్పుగా తిరిగిన మొదట మొలగొలుకులకు పేరుగాంచిన మాగాణి. దాని వెనుక రొయ్యల గుంటలు, రేయింబవళ్ళు నీటిని చిలుకుచు తెల్లని నురుగు లేపు ఏరేటర్లు. పిమ్మట బకింగ్‌హామ్ కాలువ. కాలువ దాటినంతనే తాళ్ళు, సర్వితోటలు, మనిషియెత్తును మించిన యిసుకదిబ్బలు. దిబ్బలెక్కి చూచిన సముద్రము. ఈ క్రమము రామాయపట్నమునుండి కృష్ణపట్నము వఱకు ఇంచుమించుగా మాఱదు. సర్వితోపులో సముద్రపుగాలి చేయు నిరంతర ధ్వని అలల ఘోషతో కలిసి, ఏది గాలియో ఏది కెరటమో చెప్పరాని యొక్క శ్రుతియై వినబడును.

ఆ దిబ్బలను గూర్చి ఒక విశేషము మీకు ప్రత్యేకముగా విన్నవింపవలసియున్నది. అలలకు కూతవేటు దూరమున, దిబ్బకు పడమటి వాలున, పాలెపు స్త్రీలు చేతులతోను చిప్పలతోను ఇసుక తోడి చెలమ తీయుదురు. మోకాటిలోతు దిగునప్పటికి ఇసుక నల్లబడును. ఇంకొక జానెడు తోడగనే నీరు మెల్లగా ఊరి, మొదట మసకగా, గడియసేపటికి తేటగా నిలుచును. ఆ నీటిని నోట పోసికొన్నవాడు సముద్రపుటొడ్డున ఇంత తీయని నీరెట్లు కలిగెనని ఆశ్చర్యపడకుండలేడు. అందు మాయయేమియు లేదు. కార్తిక మార్గశిర మాసములలో కురిసిన వాన ఇసుకలో ఇంకి, క్రిందనున్న ఉప్పునీటికంటె తేలికయైనది గనుక దానిమీద తేలుచు నిలిచియుండును. దిబ్బ యెంత యెత్తో అంత నిలువ. దిబ్బను చదును చేసినచో ఆ నీరు పోవును, ఉప్పునీరు పైకి లేచును. సముద్రముఖముగా రోడ్డు వేయువాడు మొదట చేయుపని దిబ్బను చదును చేయుటయే గదా! పటముమీద గీత గీయు ఇంజనీరునకు ఆ దిబ్బ అడ్డుగ కనబడును; ఆ దిబ్బచాటున కాపురమున్న జాలరులైన పట్టపువారికి అది చెఱువును కోటయును. మేటవేయు ఉప్పెనకు ఎదురొడ్డి నిలుచునదియు అదియే. 1989 నవంబరులో థాయిలాండు సింధుశాఖలో పుట్టి మలయా ద్వీపకల్పమును దాటి బంగాళాఖాతమున బలిసి వచ్చిన తుపాను కావలి దాపుననే తీరము దాటినది. అంతకు ఐదేండ్ల ముందు, 1984 నవంబరులో, మఱొకటి శ్రీహరికోట దగ్గఱ దాటినది. ఇట్టి తీరమున అలల యంచుననే వేసిన రోడ్డు ఎన్నియేండ్లు నిలుచును? విక్టోరియాలో అది రాతికొండ. ఇచ్చట నిన్నటి గాలికి నేడు చోటు మార్చు ఇసుక. అచ్చట కొండయంచున దారి వేయక గత్యంతరము లేదు. ఇచ్చట వేసినచో తీరమే మిగులదు.

మఱి దారి ఎచ్చట? మన పూర్వులు త్రవ్విన కాలువయే దానికి సమాధానము చెప్పుచున్నది. పెదగంజామునుండి తమిళదేశమున మరక్కాణము వఱకు నాలుగు వందల కిలోమీటర్లకు పైబడి సాగు బకింగ్‌హామ్ కాలువను 1806 మొదలుకొని 19వ శతాబ్దమున అంచెలంచెలుగా త్రవ్విరి. ధాత కరవున లక్షల జనము మలమల మాడిన 1877, 78 సంవత్సరములలో చెన్నపట్నమున అడయారు కూవములను కలుపు భాగమును కరవుపనిగా త్రవ్వించి, నాటి మదరాసు గవర్నరైన బకింగ్‌హామ్ ప్రభువు పేర మొత్తము కాలువను పిలిచిరి. గవర్నరు పేరు నిలిచినది; పలుగు పట్టిన చేతుల పేర్లు ఏ శాసనమునను లేవు. మా సీమనుండి ధాన్యమును, ఉప్పును, సర్వికట్టెలును ఈ కాలువమీదనే పడవలలో చెన్నపట్నము చేరెడివి. ఇరుప్రక్కల గట్టున త్రాడు భుజమున వేసికొని పడవ లాగుచు నడచిన సరంగుల కాలిబాట ఇప్పటికిని కొన్నిచోట్ల గుర్తింపవచ్చును. రైళ్ళు, లారీలు వచ్చి, తుపానులకు గట్లు తెగి, పూడికతీత మానగా ఆ కాలువ నేడు అనేక స్థలముల తూటికాడతోను జమ్ముతోను నిండి, రొయ్యల గుంటల మురుగు చేరి, చూచువారికి దుఃఖము కలిగించుచున్నది. 2008లో దీనిని 4వ జాతీయ జలమార్గమున చేర్చిరి గాని పడవ యొక్కటియు మా కంటికి కనబడలేదు. 2004 డిసెంబరు 26 నాటి సునామీ వేళ పొంగివచ్చిన నీరు ఈ కాలువలో పడి వేగము కోల్పోయెనని తీరవాసులును, పరిశోధకులును చెప్పిన మాటను మాత్రము మఱవరాదు.

కావున, కాలువకు పడమటి గట్టునో, గట్టును అంటియున్న గ్రామముల దారులనో ఒకదానితో నొకటి అతికి, నిదానముగా పోవు ఒక బాటను ఏర్పఱుచుడు. క్రొత్తగా వేయవలసినది స్వల్పము, బాగుచేయవలసినది అధికము. ఆ బాటనుండి తూర్పుగా, తుమ్మలపెంట, ఇస్కపల్లి, రామతీర్థము, మైపాడు, కోడూరుల యొద్ద ఇప్పుడున్న అడ్డుదారులే సముద్రమునకు పోవును. ఆ దారులు దిబ్బకు ఇవతలనే ముగియవలెను, బండ్లు అచ్చటనే ఆగవలెను, అటుపై మనిషి తన కాళ్ళతో నడచి సముద్రమును చేరవలెను. వృద్ధులకును, నడువలేనివారికిని చెక్కపలకల కాలిబాట యొకటి చాలును. సముద్రము రోడ్డువెంబడి ఎడతెగక కనబడుటకంటె, మాగాణి దాటి, కాలువ దాటి, తోపు దాటి, దిబ్బ యెక్కిన క్షణమున ఒక్కసారిగా కన్నులనిండ కనబడుటయే మన తీరపు సొగసు. దానిని కారు అద్దము వెనుకనుండి చూచుటకు ఏల చెడగొట్టుకొనవలెను? చెన్నపట్నమునుండి పుదుచ్చేరికి పోవు ఈస్ట్ కోస్ట్ రోడ్డుమీద ప్రయాణము చేసినవారికి ఒక విషయము అనుభవమే: సముద్రమునకు అంత చేరువగా పోవుచున్నను, విడిదులును, విలాసగృహములును, వాని ప్రహరీలును అడ్డుగోడలై నిలిచి, సముద్రమును చూచుటకు ఎవరో ఒకరికి రుసుము చెల్లింపవలసి వచ్చుచున్నది. భూమి విలువ పెరుగగానే మొదట తొలగిపోవువారు వలలు ఆరవేసికొను స్థలము గలవారు. 1991లో కేంద్రప్రభుత్వము వెలువరించిన తీరప్రాంత నియంత్రణ ప్రకటనయు, రొయ్యల చెఱువులను గూర్చి 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పును ఉండగనే మా తీరమున ఏమేమి జరిగినదో కన్నులున్నవారెల్లరు చూచియున్నారు. కావుననే, రోడ్డుకంటె ముందుగా చట్టమని వేడుకొనుచున్నాను.

బాటమీద ఏమి చూడదగినదని మీ శాఖలోనివారు అడుగవచ్చును. ఇస్కపల్లియొద్ద ఉప్పుమడులున్నవి. ఎండలు ముదిరిన మాసములలో, ప్రొద్దు పొడుపునకు ముందుగనే మడిలోనికి దిగి, పొడుగుపిడి పలకలతో అడుగున కట్టిన ఉప్పును ఒకవైపునకు లాగు కూలీలను చూచినవాడు, భోజనమున ఉప్పు వేసికొనుచు ఆ చేతులను తలంపక మానడు; పాదముల పగుళ్ళలో ఉప్పు దిగి మండునని వారు ఫిర్యాదుగా కాక మామూలుగా చెప్పుదురు. వానకు ముందు ఆ రాసులమీద తాటాకు కప్పుదురు. రామతీర్థమున రామలింగేశ్వరస్వామి ఆలయము సముద్రమునకు చేరువ, గంగపట్నమున చాముండేశ్వరి, కోడూరున వేళాంగణి మాత. ఒక్క దినపు ప్రయాణములో మూడు కొలువులకు మ్రొక్కి రావచ్చును. ఊటుకూరు దాపున, నంది కొండలనుండి 597 కిలోమీటర్లు నడచివచ్చిన పెన్న సముద్రమున కలియును. అచ్చట ముఖమునకు అడ్డముగా వంతెన కట్టవలెనని ఉత్సాహవంతులు చెప్పుచుందురు. నా మనవి, ఆ ముఖమును ముట్టవలదని. ఇసుకమేటతో పాటు నదీముఖము ఏటేటను జరుగుచుండును. 2021 నవంబరులో పెన్న పొంగి పడుగుపాడువద్ద రైలుపట్టాల క్రింది కట్టనే కొట్టివేసినది. ఉత్తరపు ఒడ్డున వచ్చిన యాత్రికుడు కోవూరు మీదుగా నెల్లూరునకు తిరిగి, పాతవంతెన మీదనుండి నదిని చూచి, పెన్నయొడ్డున తల్పగిరి రంగనాయకుల గాలిగోపురమునకు నమస్కరించి, భారతమున పదునైదు పర్వములను తెనిగించిన తిక్కన సోమయాజి మసలిన పట్టణమున ఒక రాత్రి నిదురించి, మఱునాడు ఇందుకూరుపేట మీదుగా మైపాడు చేరినచో అతనికి నష్టమేమి? చుట్టుదారియే ఇచ్చట సరియైన దారి.

మైపాడును గూర్చి ఒక విషాదవిషయము చెప్పక తప్పదు. సెలవు దినములలో స్నానమునకు దిగిన యువకులు ప్రాణములు పోగొట్టుకొన్న వార్తలు మా పత్రికలయందు మరల మరల వచ్చుచునే యున్నవి. ఒడ్డున చూచుటకు శాంతముగా నుండు నీరు క్రిందినుండి లోనికి లాగుకొనిపోవు స్థలములు ఏవియో అచ్చటి పట్టపువారి పిల్లవానికిని తెలియును, పట్టణమునుండి వచ్చిన విద్యార్థికి తెలియదు. ఆ తెలిసినవారినే జీతమిచ్చి ఒడ్డున నిలుపుడు. అపాయపు చోట్ల జెండాలు పాతించుడు. సుందరీకరణ పేర పెట్టు సిమెంటు బొమ్మలకు చేయు వ్యయములో కొంత దీనికి చాలును. ఇది అన్నిటికంటె ముందు జరుగవలసిన పని.

రాత్రి బస పాలెములలోనే ఉండవలెను. పెద్ద హోటళ్ళకు స్థలము నెల్లూరున కావలసినంత కలదు. పాలెమున పొదుపుసంఘముల స్త్రీలు నడుపునట్లు నాలుగేసి శుభ్రమైన గదులు, మఱుగుదొడ్లు, మంచినీరు కల్పించి, వంట వారి చేతులకే విడిచినచో, పచ్చిమామిడి ముక్కలు వేసి మట్టికుండలో కాచి మఱునాటికి తినునట్టి నెల్లూరు చేపల పులుసు రుచి, ఆ పులుసు పుట్టిన చోటనే యాత్రికునకు తెలియును. ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వఱకు వేట నిషేధము. ఆ అఱువదియొక్క దినములు పడవలు ఒడ్డునకు చేరి, వలలు బాగుచేసికొనుచు కుటుంబములు చేతిలో డబ్బాడక కాలము గడుపును. ఎండలకు వెఱవక ఆ దినములలో వచ్చు యాత్రికుడు నాలుగు రూకలు విడిచిపోయినచో అది వారికి ఆసరా యగును. ఐతే ప్రయాణమునకు ఉత్తమకాలము మాత్రము ఈశాన్య ఋతుపవనము వెనుదీసిన పిదప, పుష్యమాఘములు. అపుడు చెఱువులు నిండియుండును, గాలి చల్లన, మాగాణి పచ్చన. ఆ మాసములలోనే రాత్రివేళ సముద్రపు తాబేళ్ళు ఒడ్డుకు వచ్చి ఇసుకలో గ్రుడ్లు పెట్టును. పిల్లలు వెలుగును చూచి త్రోవ తెలిసికొని సముద్రమునకు పోవును గనుక, ఒడ్డున విద్యుద్దీపములు పెట్టినచో అవి ఊరివైపునకు ప్రాకి చచ్చును. కావున దిబ్బకు తూర్పున దీపస్తంభములు వలదని నియమము చేయవలెను. కారు లేనివారిని మఱవకుడు. నెల్లూరునుండియు కావలినుండియు ఈ బాటను పట్టి పోవు బస్సు ఉదయమొకటి, మధ్యాహ్నమొకటి యున్నను చాలును.

కృష్ణపట్నమునకు దక్షిణముగా దారి స్వభావము మాఱును. కండలేరు కయ్యమీద 2008నుండి నడచుచున్న రేవు, నేలటూరున విద్యుత్కేంద్రపు పొగగొట్టములు, బొగ్గు లారీలు. అచ్చట యాత్రికుడు వేగముగా దాటిపోవుటయే మేలు. దాటినపిమ్మట వాకాటి సీమ. దుగరాజపట్నమున 1626 ప్రాంతమున ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీవారు ఆర్మగాం అను పేర కోటయు వర్తకశాలయు కట్టుకొనిరి; అచ్చట అధికారిగానున్న ఫ్రాన్సిస్ డే యే 1639లో చెన్నపట్నమున భూమి సంపాదించెను. మహానగరమొకటి పుట్టుటకు కారణమైన ఆ ఇసుకపఱ్ఱమీద నిలిచి ఆ సంగతి చదువుకొనుటకు ఒక పలక పెట్టింపవలెను. ఇంకను దక్షిణముగా నేలపట్టు. 1976నుండి అభయారణ్యమైన ఆ చెఱువులో నీట మునిగిన కడపచెట్లమీద గూడబాతులు గూళ్ళు కట్టును. పక్షుల రెట్టతో బలిసిన చెఱువునీరు పైరునకు ఎరువని ఎఱిగిన గ్రామస్థులు తరతరములుగా వానిని బిడ్డలవలె కాపాడుచున్నారు. సూళ్ళూరుపేటనుండి శ్రీహరికోటకు పులికాటు సరస్సు నడుమగా పోవు కట్టమీద, చలికాలమున ఇరుప్రక్కల మోకాటిలోతు నీటిలో ఫ్లెమింగోలు బారులు తీరి నిలుచును. ఆ కట్ట చివరనుండియే 1971 అక్టోబరు 9న మొదటి రాకెట్టు పైకెగసినది. ఈ దక్షిణభాగము 2022 నాటి జిల్లాల పునర్విభజనలో తిరుపతి జిల్లాకు చేరినది. ఇందుకొఱకే రెండు జిల్లాల అధికారులును, అటవీశాఖయు, జలవనరుల శాఖయు, మత్స్యశాఖయు తలకొక ముక్కగా పంచుకొనక, ఒక్క సంస్థ క్రింద, అందు పాలెముల ప్రతినిధులకు సగము స్థానములకు తక్కువ కాకుండ, ఈ తీరమంతయు ఉండవలెనని కోరుచున్నాను.

మహాశయా, నేను ప్రత్యేకముగా వేడుకొనునది ఒక చిన్నపని. టెండర్లు పిలుచుటకు ముందు, కన్సల్టెంట్ల నివేదికలు చేతికి రాకముందు, రానున్న ఫిబ్రవరి మాసమున మీ శాఖ అధికారులును, ఇంజనీర్లును, ప్రతి పాలెమునుండి పెద్ద యొకరును, ఉప్పుమడుల కూలీయొకరును, చెలమ తోడు స్త్రీయొకతెయును కలిసి, రామాయపట్నమునుండి కృష్ణపట్నము వఱకు కాలువగట్టు వెంబడి కాలినడకను పోవలెను. ఎచ్చట దిబ్బ ఎంత యెత్తో, ఎచ్చట వంతెన కూలినదో, ఎచ్చట కాలువ ఆక్రమణలో నున్నదో, ఎచ్చట తాబేళ్ళు గ్రుడ్లు పెట్టునో, ఎచ్చట వలలు ఆరవేయుదురో ఆ నడకలోనే పటమున గుర్తించి, ఆ పటమును తెలుగున అచ్చువేసి ప్రతి పంచాయతీ గోడమీద అంటింపవలెను. అభ్యంతరములు చెప్పుటకు వేట నిషేధకాలము ముగియువఱకు గడువీయవలెను. ఏలయన ఆ దినములలోనే మగవారందఱు ఒడ్డుననుందురు. ఆ పటమును ఆధారముగా గైకొని రానున్న శాసనసభా సమావేశములలో తీరరక్షణ బిల్లును మీరే ప్రవేశపెట్టుదురని ఆశించుచున్నాను.

ఇట్లు,
భవదీయుడు,
నెల్లూరు సీమ పౌరుడొకడు